చిన్నమ్మ మిద్దె మీది మన్ను

మా చిన్నమ్మ ఇల్లు ఊరి చివర, కొండ వైపు ఉండేది. అందుకే కంపెనీ వాళ్లు మీటరు పెట్టడానికి ఆమె వాకిలినే ఎంచుకున్నారు. కొండలో ఇనుప రాయి కోసం మందు పెట్టి పేల్చినప్పుడు నేల ఎంత అదురుతుందో ఆ మీటరు కొలుస్తుంది. అన్నం క్యారియరంత పెట్టె, దానికి తీగతో తగిలించిన ఇనుప డబ్బా. డబ్బా అడుగున మేకులు ఉంటాయి. వాటిని నేలలోకి దిగ్గొట్టి, పైన ఇసుక మూట పెట్టి, కాస్త ఎడంగా కూర్చోవాలి. పేలుడు అయ్యాక పెట్టె బస్సు టికెట్టులాంటి సన్నని కాగితాన్ని బయటికి తోస్తుంది. అందులో ఒక అంకె ఉంటుంది.

ఆ అంకె చూసే పని నాకు అనుకోకుండా వచ్చింది. నా అసలు ఉద్యోగం లారీలు తూచే కాటాలో. గనుల కాలం అది. బళ్ళారి నుంచి ఏ దారి పట్టినా ఎర్ర దుమ్ము, లారీల వరస. లారీ ఖాళీగా ఎంత తూగింది, నిండుగా ఎంత తూగింది చూసి చీటీ రాసేవాణ్ణి. నా చదువు పదో తరగతితో ఆగింది గానీ లెక్కల మీద ఆశ ఆగలేదు. పాత పుస్తకాల అంగట్లో డిప్లొమా పిల్లలు అమ్ముకున్న పుస్తకాలు కొని, అర్థమైనంత చదివేవాణ్ణి. కాటా కిటికీలో అలాంటి పుస్తకం ఒకటి చూసి గని ఇంజనీరు ఒకరోజు ఆగాడు. ధార్వాడ వైపు మనిషి, వయసులో నాకంటే చిన్న. "లెక్కలంటే ఇష్టమా? అయితే మధ్యాహ్నం నాతో రండి" అన్నాడు కన్నడంలో.

ఆయన ఓపికగా నేర్పాడు. నేల కదిలే వేగానికి ఒక హద్దు ఉంది. అంకె ఆ హద్దుకు చాలా కింద ఉంటే పని మామూలుగా సాగుతుంది. హద్దును సమీపిస్తే మర్నాడు మందు తగ్గించాలి, మందు కూరిన రంధ్రాలన్నీ ఒక్కసారిగా పేలకుండా ఒకదాని వెనక ఒకటి పేలేలా ఎడం పెంచాలి. దాటితే మొత్తం ఆపి, ఎందుకు దాటిందో తెలిశాకే మళ్లీ మొదలుపెట్టాలి. నేను చూసినంత కాలం ఆయన ఆ నియమం తప్పలేదు. ఈ మాట ముందే చెబుతున్నాను. గనుల సంగతి అనగానే వినేవాళ్లు మోసం కోసం వెతుకుతారు. అలాంటి మోసాలు ఆ రోజుల్లో లేవని అనను. నేను చెప్పబోయే దాంట్లో మాత్రం లేదు.

మధ్యాహ్నం సైరన్ మోగితే ఊరంతా ఇళ్లలోంచి బయటికి వచ్చేది. ఆడవాళ్లు ముందు అటక మీది కుండలు దించి నేల మీద పెట్టి, ఆ తర్వాత వీధిలోకి వచ్చేవాళ్లు. చిన్నమ్మ చేతిలో ఎప్పుడూ ఒక విసనకర్ర. ఆమె క్రైస్తవ మిషను బడిలో వంట చేసి రిటైరైన మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. మా అమ్మ పోయాక నాకు అమ్మ అంటే ఆమే. ఆదివారం సాయంత్రం ఆమె ముందు గదిలో ప్రార్థన కూటం జరిగేది. పాత మిషను సంఘం కుటుంబాలు చాపల మీద మోకాలికి మోకాలు తగిలేలా కూర్చునేవి.

ఎదురింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. కూలి పనితో, కాస్త మెట్ట చేనుతో బతికిన కుటుంబం, తరాలుగా అక్కడే. ఊళ్లో ఎవరి మిద్దె వేయాలన్నా ఆయన చెయ్యి పడాల్సిందే. మీటరు దగ్గర నేను కూర్చోగానే ఆయన కట్టె ఊతంగా వచ్చి నిలబడేవాడు.

"ఏమప్పా కాటా, ఈ పొద్దు భూమి ఎంత తూగె?"

"తూకం కాదు పెద్దాయనా, అదురు."

"ఏదో ఒగటి. సీటీ అయితే వచ్చె గదా. ఆ సీటీ నా గోడకు అంటిస్తే పగులు మూసుకుంటాదా?"

"వాణ్ణెందుకు పీక్కతింటావు?" అనేది చిన్నమ్మ విసనకర్రతో విసురుకుంటూ. "వాడు కాయితం సదివేటోడు. పేల్చేటోణ్ణి పోయి అడుగు."

"పేల్చేటోడు నాకు యాడ దొరుకుతాడమ్మా? వీడు ఊరికే కూసోని దొరుకుతాండాడు."

మా వైపు మట్టిమిద్దెల గురించి తెలియని వాళ్లకు కొంచెం చెప్పాలి. గోడలు రాయి, బురద. వాటి మీద దూలాలు, దూలాల మీద అడ్డంగా సన్నని దంతెలు, ఆపైన కట్టెపుల్లలు, గడ్డి, వాటి మీద మన్ను. అన్నిటికన్నా పైన చవుడు. చవుడంటే తెల్లటి ఉప్పు మన్ను. దాన్ని సరిగ్గా తొక్కితే వాన నీటిని లోపలికి దిగనివ్వదు. ఏటా వానలకు ముందు రెండు వేళ్ల మందాన కొత్త చవుడు పరుస్తారు. పాతది తీయరు, దాని మీదే కొత్తది వేస్తారు. గాలికి కొంత పోతుంది, వానకు కొంత కారిపోతుంది, పోయినంతే వేస్తాం కాబట్టి బరువు పెరగదని పెద్దాయన అనేవాడు. ఆయన తాత కాలం నుంచి అది నిజమే.

పేలుళ్లు మొదలయ్యాక చవుడు మీద వెంట్రుకంత బీటలు వచ్చాయి. మీటరు అంకె హద్దులోనే ఉంది. అయినా బీటలు వచ్చాయి, మొదటి వానకు ఇళ్లు కారాయి. ఊరివాళ్లు గని గేటు ముందు కూర్చున్నారు. ఇంజనీరు వాళ్ల మాట విని, పై వాళ్లను ఒప్పించి, మరుసటి ఏడు వానలకు ముందు ఊరికి కావలసినంత చవుడు ఉచితంగా తోలించే ఏర్పాటు చేశాడు. కురుగోడు వైపు కాలవ నీళ్లు ఎక్కువై చవుడు తేలిన పొలాలు ఉన్నాయి. అక్కడి నుంచి ట్రాక్టర్లు కదిలాయి. ట్రాక్టరు యజమానికి బరువును బట్టి ఇస్తారు కాబట్టి ప్రతి ట్రాలీ మా కాటా మీదుగానే ఊళ్లోకి వెళ్లేది.

ఊళ్లో పండగలా ఉండింది. మా వైపు ముయ్యి అని ఒక పద్ధతి ఉంది. నా పనికి నువ్వు ఒక రోజు వస్తే, నీ పనికి నేను ఒక రోజు వస్తాను. కూలి ఉండదు. పిలిస్తే రాననడం లేదు, తిరిగి వెళ్లకపోవడం అంతకన్నా లేదు. కులం, మతం ఆ రోజుకు అడ్డు రావు. చిన్నమ్మ మిద్దెకు కూటం వాళ్లు, ఎదురింటి పెద్దాయన, వీధిలో ఇంకొందరు కలిసి తట్టలు అందించుకున్నారు. ఆడవాళ్లు కీర్తనలు పాడుతుంటే పెద్దాయన ఆ వరసకే కాళ్లతో చవుడు తొక్కాడు.

మామూలుగా అయితే రెండు వేళ్ల మందంతో ఆగిపోయేది. చవుడు కొని, బండికి ఇచ్చి, మోయించుకోవాలి గనక ఎవరూ ఎక్కువ వేయరు. ఆ ఏడు వీధి నిండా ఊరికే వచ్చిన మన్ను.

"సాలు గదా?" అని కింద నుంచి చిన్నమ్మ అడిగింది.

"ఇంగొంచెం ఏద్దాంలేమ్మా. మల్లా ఇట్లా యాడ దొరుకుతాది? పగుళ్లన్నీ పాతిపెడతా" అన్నాడు పెద్దాయన.

జానెడు మందం వేశారు. ఆ ఇంటికే కాదు, వీధిలో అన్ని ఇళ్లకూ.

నాకు సందేహం కాటాలోనే మొదలైంది. అన్ని ట్రాలీలు ఊళ్లోకి పోయాయి, ఒక్క తట్ట బయటికి రాలేదు. అంటే ఆ బరువంతా మనుషుల నెత్తి మీదే ఉంది. ఒక నూనె డబ్బా నిండా చవుడు తీసుకుని అంగడి తక్కెడలో తూచాను. తర్వాత అందులో నీళ్లు పోసి, ఊరనిచ్చి, మళ్లీ తూచాను. చిన్నమ్మ ముందు గది పొడవు, వెడల్పు నాకు తెలుసు. కొత్తగా ఎక్కిన మన్ను ఒక్కటే, పొడిగా ఉన్నప్పుడే, ఏడు టన్నులకు దగ్గరగా తేలింది. తడిస్తే ఇంకా పైన. పాత మన్ను బరువు అందులో చేర్చలేదు.

నా లెక్క తప్పేమోనని మూడు సార్లు వేరే వేరే దారుల్లో చేసి చూసుకున్నాను. తర్వాత ఇంజనీరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన కుర్చీలో ముందుకు వంగి, తన పెన్నుతో మొదటి నుంచి మళ్లీ వేశాడు. అదే వచ్చింది.

"మీటరు నేలను చూస్తుంది. కప్పును చూడదు" అన్నాడు పెన్ను పక్కన పెట్టి. "హద్దు అంకె కూడా మామూలు ఇంటిని మనసులో పెట్టుకుని ఎవరో నిర్ణయించిందే. మనం ఇంటినే మార్చేశాం."

ఇప్పుడు ఏం చేయాలని అడిగాను. తన చేతిలో ఉన్నది మందు ఒక్కటేననీ, వీలైనంత తగ్గిస్తాననీ చెప్పాడు. మన్ను దించమని కంపెనీ నుంచి చెబితే ఊరు నమ్మదు, ఇచ్చింది వెనక్కి లాక్కుంటున్నారు అంటుందన్నాడు. ఆ మాట నిజమే. "మీరు చెప్పండి. మీ చిన్నమ్మ కదా" అన్నాడు.

ఆ సాయంత్రమే వెళ్లాను. అప్పటికే ఆకాశమంతా మబ్బు కమ్ముకుని ఉంది. చిన్నమ్మ పొయ్యి దగ్గర రొట్టె తడుతోంది. టన్నులు, మిల్లీమీటర్లు ఆమెకు చెప్పి లాభం లేదని నీళ్ల బిందెతో మొదలుపెట్టాను.

"ఖాళీ బిందె నెత్తిన పెట్టుకోని నడుస్తా ఎవరో తగిల్తే ఏమైతాది చిన్నమ్మా?"

"ఏమీ కాదు. తిట్టేసి పోతా."

"నిండు బిందె అయితే?"

"తూలతా. మెడ పట్టేస్తాది." రొట్టె తిప్పి నా వైపు చూసింది. "యాడికి తీసుకపోతాండావు నన్ను?"

"మన మిద్దె ఇప్పుడు నిండు బిందె. కొండలో పేల్చినప్పుడంతా ఎవరో తగిలినట్ల. వాన పడితే ఇంకా నిండుతాది. ఆ మన్ను తీసేద్దాం."

"మోడం పట్టుకోనుంటే ఇప్పుడు తీసేది ఏందప్పా? తీస్తే కారదా?"

"కారుతాది."

"తీయకుంటే పడతాదా?"

"పడొచ్చు, పడకపోవచ్చు."

ఆమె పెనం దించేసింది. "కారేది కాయం. పడేది అనుమానం. కాయంగా నష్టపోయి అనుమానం పోగొట్టుకోమంటావు. ఇదేం హిసాబు?"

ఆదివారం సాయంత్రం ఆ గదిలో కూర్చునేవాళ్లను ఒక్కసారి తలుచుకోమన్నాను. అంతే అన్నాను. ఆమె చీర కొంగుతో చేతులు తుడుచుకుని వేరే మాట ఎత్తింది. మిద్దె వేసినందుకే వాళ్లందరికీ తను ముయ్యి తిరిగి పోవాలి, ఈ మోకాళ్లతో ఎట్లా పోతుంది, ఇప్పుడు తీయడానికి మళ్లీ పిలిస్తే అది రెండింతలు అవుతుంది. ఏ మొహంతో పిలవాలి?

"నీ బదులు నేను పోతా. సెలవులన్నీ దానికే" అన్నాను.

"కాటాలో కూసోని కూసోని నడుం పట్టుకుపోయింది నీకు. నువ్వు కలుపు తీస్తావా?" అని నవ్వింది. అది ఒప్పుకోవడమే.

పిలిచింది గనక అందరూ వచ్చారు. పెద్దాయన కూడా వచ్చాడు. రాకుండా ఉండే వీలు లేదు. తను తొక్కి గట్టి చేసిన చవుడును తనే పారతో లేపాల్సి వచ్చింది. మొహం ముడుచుకునే పైకి ఎక్కాడు.

"బుద్ధున్నోడు ఎవడైనా వానకు ముందు మిద్దె గీకుతాడా? నీ పుస్తకంలో రాసుండాదా ఇది?"

"కొత్తగా ఏసిందంతా తీయాల పెద్దాయనా."

"అంతా తీస్తే ఈ పొద్దే కారుతాది. నాలుగు వేళ్లు ఉంచు."

"రెండు."

"బేరమా? ఇది నీ లారీ లోడు కాదప్పా. మీ చిన్నమ్మ పడుకునే తావు. నాలుగు."

మూడు వేళ్ల దగ్గర ఆగాం. కారడం గురించి ఆయనకు తెలిసినది నాకు తెలియదు. బరువు గురించి నేను వేసిన లెక్క ఆయన నమ్మలేదు. మధ్యలో దొరికినది ఆ మూడు వేళ్లు. దించిన మన్ను ఇంటి వెనక కుప్పగా పోశాం. అందరూ ఆ కుప్పను ఒకసారి, మిద్దెను ఒకసారి చూశారు. కుప్ప మిద్దె అంచును అందుకునేలా ఉంది. దాన్ని చూసి ఒకరిద్దరు తమ ఇళ్ల గురించి గొణుక్కున్నారు. అంతలో చినుకులు మొదలయ్యాయి, ఎవరి దారిన వాళ్లు పోయారు.

పెద్దాయనతో నేను మెట్ల దగ్గర అన్నాను. "నీకు ఒక రోజు బాకీ ఉండాను. నీ మిద్దెకే వస్తా. రేపే."

"నా మిద్దెకు అక్కర్లే. నా సేత్తో ఏసింది. నేను ఏసిన మిద్దె ఇంతవరకు ఒగటీ పడలే. శనక్కాయ ఏసేటప్పుడు సేనికి రా."

ఆయన అన్నది నిజం. ఆయన వేసిన మిద్దె అప్పటివరకు ఒక్కటీ పడలేదు. అయితే ఆ మిద్దెల్లో దేని మీదా అంత మన్ను ఎప్పుడూ లేదు. ఏదీ రోజుకోసారి అదరలేదు.

వానలు గట్టిగా పట్టాయి. చిన్నమ్మ ఇల్లు మూడు చోట్ల కారింది. పెద్దాయన తన పొడి ఇంటి గుమ్మంలో నిలబడి, "సెప్తినా లేదా?" అని వీధికి వినబడేలా అడిగేవాడు. కోపంగా కాదు, ముచ్చటగా. కొండలో తవ్విన రంధ్రాలు నీళ్లతో నిండిపోయి పేలుళ్లు కొన్నాళ్లు ఆగిపోయాయి. మీటరు పెట్టె కాటా గదిలో బీరువా మీద ఉండిపోయింది.

అలా ఆగిపోయిన రోజుల్లో ఒక మధ్యాహ్నం పెద్దాయన మిద్దె పడింది.

పేలుడు లేదు గనక సైరన్ లేదు. సైరన్ ఉండి ఉంటే ఆయన అలవాటుగా వీధిలోకి వచ్చి నిలబడేవాడు. అన్నం తిని లోపల నడుం వాల్చాడు. నాకు కబురు అంది వెళ్లేసరికి వీధిలో మగాళ్లందరూ పారలతో తవ్వుతున్నారు. నేనూ దిగాను. తడిసిన చవుడు పారకు అంటుకుని వదలదు. ఒక్కో పార ఎంత బరువుందో నా చేతులకు తెలిసింది. ఆయన్ను బయటికి తీసేటప్పటికి ఊపిరి లేదు. నేను ఆయనకు బాకీ ఉన్న రోజు ఆ పనిలో తీరింది.

ఇంజనీరు గొడుగు లేకుండా వచ్చి, ఒంటి మీద వాననీళ్లు కారుతుండగా నిలబడ్డాడు. కంపెనీ ఆఫీసు ఆ రోజు పేలుడే లేదంది. ఊరు, ఇన్నాళ్ల పేలుళ్ల వల్లే పడిందంది. చవుడు ఇచ్చిందెవరని ఒకరు అడిగారు, అంత వేసుకోమన్నదెవరని ఇంకొకరు అడిగారు. నన్ను అడిగితే, ఏ ఒక్కరి మాటా అబద్ధం కాదు. మర్నాడు వాన తెరపి ఇవ్వగానే వీధిలో దాదాపు ప్రతి మిద్దె మీదా మన్ను దించుతూ మనుషులు కనబడ్డారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు.

వానల తర్వాత పని మళ్లీ మొదలైనప్పుడు ఇంజనీరు తన నియమానికి ఒకటి కలిపాడు. మందు కూరే ముందు ఎవరో ఒకరు ఊళ్లోకి వెళ్లి, మిద్దెలు తడిగా ఉన్నాయో ఆరాయో చూసి రావాలి. తడిగా ఉంటే ఆ రోజు పేలుడు లేదు. మీటరు ఏం చెప్పినా సరే. పై వాళ్లు విసుక్కున్నారు గానీ ఆయన ఉన్నన్నాళ్లూ అది నడిచింది.

చాలా ఏళ్ల తర్వాత ఒక సైన్సు పత్రికలో చదివాను. కొన్ని దేశాల్లో భూమి లోపలి వేడితో కరెంటు తీయడానికి మైళ్ల లోతుకు బావులు దించుతారు. వేడి బండలోకి ఒత్తిడితో నీళ్లు పంపి, బండను చీల్చి, వేడెక్కిన నీటిని పైకి తెస్తారు. ఆ చీల్చడంలో పైన నేల అదురుతుంది. అందుకు వాళ్లు కూడా ట్రాఫిక్ దీపాల్లాంటి మూడు రంగుల నియమం పెట్టుకున్నారు. పచ్చ అయితే సాగించు, పసుపు అయితే నీళ్లు తగ్గించు, ఎరుపు అయితే ఆపు. మా ఇంజనీరు నియమమే. ఆ వ్యాసంలో ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. నీళ్లు పంపడం ఆపేశాక కూడా లోపలి ఒత్తిడి వెంటనే పోదు, కొన్నిసార్లు పెద్ద అదురు ఆపిన తర్వాతే వస్తుంది అని ఉంది. బావి దింపే ముందు చుట్టుపక్కల ఏ ఇల్లు ఏ స్థితిలో ఉందో చూసి రాసుకోవాలని కూడా ఉంది. గోడల గురించి రాశారు, పునాదుల గురించి రాశారు. కప్పు మీద జనం ఏం పరుచుకుంటారో రాయలేదు. అది ఆ ఊరికి వెళ్లి, ఆ ఇంటి నిచ్చెన ఎక్కితే తప్ప తెలియదు.

పెద్దాయన పోయిన తర్వాత వచ్చిన ఆదివారం కూటానికి నేను ముందుగానే వెళ్లాను. వాన సన్నగా పడుతోంది. చిన్నమ్మ ముందు గదిలో గిన్నెలు, ఒక బకెట్టు, ఒక ఇత్తడి తపేలా వేరే వేరే చోట్ల పెట్టి ఉన్నాయి. ఆమె మధ్యలో నిలబడి పైకి చూస్తోంది.

"నిజం సెప్పు. తీయకుంటే నాది కూడా పడుండునా?"

దాని గురించి అప్పటికే చాలా ఆలోచించాను. రెండు ఇళ్లూ ఒకే కాలంలో కట్టినవి. ఒకే చెయ్యి వేసిన మిద్దెలు, ఒకే మన్ను. కానీ ఆయన ఇంటి వెనక గోడ మురికి కాలవ పక్కనే ఉండడంతో దాని అడుగున చెమ్మ ఉండేది. ఆమె దూలాలు కాస్త లావు. వీధిలో చివరి ఇంటివాళ్లు ఆ వారం ఊళ్లో లేక మన్ను దించనేలేదు, అయినా ఆ ఇల్లు నిలబడే ఉంది.

"తెలీదు చిన్నమ్మా."

"తెలీదా? డబ్బాలో మన్ను తూచి, నీళ్లు పోసి తూచి, అంత లెక్క చేసినావు గదా?"

"చేసినా. అయినా తెలీదు."

తిడుతుందేమో అనుకున్నాను. వాకిట్లో కూటం వాళ్లు ఒక్కొక్కరే చెప్పులు విడుస్తున్నారు, వందనాలు చెప్పుకుంటున్నారు. ఆమె కాలితో తపేలాను చుక్క పడే చోటికి జరిపి, చాప అంచు పట్టుకుని గోడ వైపు ఈడ్చింది.

"ఆ మూల కారుతాది, ఇట్లా జరిగి కూసోండి" అని వాళ్లకు చెప్పింది.